పలకరించకూడని వాడు

చూడు, చూడు, నా వంక ఎలా చూస్తున్నారో! పెళ్ళిపందిట్లోకి పాడె మోసుకొచ్చినదాన్ని చూసినట్టు. ఏం చేశాన్రా నేను? సొంత తమ్ముడి కొడుకు పక్కన బెంచీ మీద కూచున్నాను. అంతేగా?

కూచోకూడదట. నీ పక్కన ఎవరూ కూచోకూడదట. నీతో మాట్లాడకూడదు, నీ కళ్ళలోకి చూడకూడదు, నీ నీళ్ళసీసా ముట్టుకోకూడదు. ఈ మూల నువ్వొక్కడివి, ఆ మూల వాళ్ళంతా, మధ్యలో ఇంత ఖాళీ చెక్క. ఊరు వెలేసినవాడికైనా చుట్టకి నిప్పిచ్చేవాడు ఒకడుంటాడు. నీకు అదీ లేదు.

ఇంకే ఆటకైనా ఉందా ఎర్వాన్, ఇలాంటి ఆచారం? ఒకడు విసిరే బంతిని అవతలివాళ్ళలో ఒక్కడూ సరిగ్గా కొట్టలేకపోతే, మామూలు మనుషులు వాడి భుజం తడతారు. బేస్‌బాల్ వాళ్ళు వాణ్ణి పలకరించడం మానేస్తారు. ఆ మాట పైకి అంటే దిష్టి కొడుతుందట! వెంటనే హిట్టు పడుతుందట! అమెరికాలో ఎవడికో పుట్టిన పిచ్చి సముద్రం దాటొచ్చి ఫ్రాన్స్‌లో మన బ్రిటనీ బంగాళాదుంప చేల పక్కన కాపురం పెట్టింది.

తొమ్మిదింట్లో ఎనిమిది ఇన్నింగ్స్ అయ్యాయి, ఈ చెక్ వాళ్ళకి నీ మీద ఒక్క హిట్టు లేదు. అదిగో, అనేశాను! పిడుగు పడిందా?

జోరిస్‌ని చూడు, చెవులు మూసుకున్నాడు! నీ బంతులు పట్టేవాడు, పేరుకు ఫైరింజను మీద ఉద్యోగం, మంటల్లోకి దూకుతాడు. నా నోటికి జడుస్తున్నాడు. "మురియెల్ గారూ, దండం పెడతా, అవతలికి రండి" అంటున్నాడు. నువ్వే రారా జోరిస్ ఇవతలికి, ధైర్యముంటే! రాడు. ఎందుకొస్తాడు.

సరే, నాకు తొందరుంది. మనవాళ్ళు బ్యాటింగు చేస్తున్నంతసేపే నా గడువు. ముగ్గురు అవుటయ్యారంటే నువ్వు లేచి మళ్ళీ ఆ మట్టిదిబ్బ ఎక్కుతావు, ఆఖరి ఇన్నింగ్స్ విసరడానికి. ఈలోగా నేను చెప్పేది విను. నువ్వు మాట్లాడక్కర్లేదులే. నీ మౌనవ్రతం నువ్వు చేసుకో.

చెయ్యిలా ఇవ్వు. అది కాదు, కుడిది. దాని మీద కప్పిన తువ్వాలు తియ్యను, కంగారుపడకు. తువ్వాలు కిందనే పట్టుకుంటాను. ఈ జట్టుకి నేను ఫిజియోని, నీకు అత్తని ఆ తర్వాత.

ఈ చెయ్యి నాకేమన్నా కొత్తా?

పదకొండేళ్ళప్పుడు, గుర్తుందా, ప్రాగ్‌లో చిన్నపిల్లల పోటీలు. బస్సులో రాత్రంతా నా ఒళ్ళో పడుకొచ్చావు. మర్నాడు దిబ్బ మీద నిలబడితే టోపీ ముక్కు మీదికి జారిపోయేది. ఆ టోపీ కిందినుంచే ఆ ఊరి పిల్లలందర్నీ ఏడిపించి పంపావు. మీ నాన్న రెజిస్ కంచె పట్టుకుని ఏడ్చాడు. నా తమ్ముడు మా అమ్మ పోయినప్పుడు ఏడవలేదురా. ఆ రోజే నాకు గుండె ఝల్లుమంది. పిల్లాడు ఆడితే సంతోషపడే తండ్రిని చూశాను గానీ, పిల్లాడి చెయ్యి తన ఒంటికి మొలిచిందనుకునే తండ్రిని చూడ్డం అదే మొదలు.

పదిహేనేళ్ళకి ఇటలీ. ఎండలో ఇటుక కాలినట్టు కాలావు. అక్కడ ఓడిపోయాం, అయినా అందరి నోటా నీ పేరే. "కెర్వెల్లా కొడుకు, కెర్వెల్లా కొడుకు." అప్పట్నించే మొదలైంది ఆ ఎకసెక్కం కూడా: ఇది ఫ్రాన్స్ జట్టు కాదు, కెర్వెల్లా వాళ్ళింటి ఆదివారం భోజనం అని. తండ్రి కోచ్, కొడుకు బంతి విసిరే పిచర్, అత్త ఫిజియో, అమ్మ సాసేజీలు కాలుస్తుంది. నిజమే మరి. ఇంకెవరొస్తారు? జీతం లేని కొలువు. దిబ్బకి మట్టి మనమే మోసుకోవాలి, గీతలకి సున్నం మనమే పోసుకోవాలి, వానొస్తే పట్టా మనమే కప్పుకోవాలి.

ఆఁ, మొదటివాడు అవుటయ్యాడు. గాల్లోకి కొట్టి చచ్చాడు. వీడొకడు, ఆకాశంలో కాకుల్ని కొడతాడు!

తర్వాత తైవాన్. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ ప్రపంచ పోటీ. ఆ జనం, ఆ డోళ్ళు, ఆ ఉక్క! మన ఊళ్ళో కుక్కా నక్కా కలిపితే వందమంది చూసే ఆట, అక్కడ పెద్ద దేవుడి తిరణాల. వాళ్ళ ఇంటిజట్టుని నువ్వు నాలుగు ఇన్నింగ్స్ నిలబెట్టేసరికి డోళ్ళు ఆగిపోయాయి. అంతమంది ఒక్కసారి నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో నేను అక్కడే విన్నాను. నీ పెదవి మీద చిన్న నవ్వొచ్చింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మీ నాన్నకి తెగ నచ్చింది.

అక్కడే కదూ, హోటల్ వెనక బస్సుల దగ్గర, ఆ జపాన్ కుర్రాడు నీకు ఆ బంతి నేర్పింది? మాటలు రావు ఇద్దరికీ. వేళ్ళతోనే చెప్పుకున్నారు. రెండు వేళ్ళూ ఎడంగా చాపి, మధ్యలో బంతి ఇరికించి విసిరితే, బ్యాటు దాకా తిన్నగా వచ్చి చివర్లో కాళ్ళు విరిగినట్టు కింద పడిపోతుంది. ఆ కుర్రాడు ఒక మాట కూడా సైగ చేశాడు. నేను అక్కడే ఉన్నా. మోచెయ్యి చూపించి తల అడ్డంగా ఊపాడు. రోజూ వద్దు అని. ఎప్పుడో ఒకటి అని. ఆ సైగ నీకు అర్థం కాలేదా? నాకైంది.

ఇంటికొచ్చాక బంతిని వేళ్ళ మధ్య కట్టుకుని పడుకునేవాడివి, వేళ్ళు సాగాలని. మీ అమ్మ చూసి భయపడి నాకు ఫోన్ చేసింది. మీ నాన్న మాత్రం ఊరంతా చాటుకున్నాడు, "మావాడు నిద్రలో కూడా ప్రాక్టీసే" అని. గాడిద!

అటు చూస్తున్నావేం? మీ నాన్న వినడులే. విన్నా విననట్టుంటాడు. చూడు, రెయిలింగు మీద మోచేతులు పెట్టి పొద్దుతిరుగుడు గింజలు ఎలా నములుతున్నాడో. పొట్టు ఉమ్మడం కూడా మర్చిపోయాడు. మింగేస్తున్నాడు.

అసలు ఇవాళ ఎవరు మనుషుల్లా ఉన్నారు గనక? మీ అమ్మ కరీన్ ఐదో ఇన్నింగ్స్ నుంచీ మైదానానికి వీపు పెట్టి నిలబడింది, తను చూస్తే చెడిపోతుందట. సాసేజీలు మాడి బొగ్గవుతున్నాయి, జనం అవే ఇక్కడి పల్చటి అట్టుల్లో చుట్టుకుని తింటున్నారు, మాడిందని ఒక్కడు నోరెత్తడు. మైకులో ఆ బడాయి మనిషి, ఊపిరి తీసుకోకుండా వాగేవాడు, ఇప్పుడు బ్యాటర్ పేరు చదివి టక్కున ఆపేస్తున్నాడు. చెట్ల మీద గోరింకలు లేవు. గాలి లేదు. ఆకాశం చూశావా, తడిసిన స్లేటులా ఎలా కిందికి దిగిందో? వానైనా పడదు. పడితే ఆట ఆగుతుంది కదా, అందుకని పడదు.

ఇంతమంది నోళ్ళు మూసుకుని కూచున్నచోట మంచి జరగడం నేను ఎప్పుడూ చూళ్ళేదు నాయనా.

ఏమిటి, తల ఊపుతున్నావు? బాగానే ఉన్నావా? ఏమీ లేదా?

ఏమీ లేకపోతే విను. నేను చెవులతో చూసేదాన్ని. మొదట్లో నీ బంతి జోరిస్ చేతితొడుగులో పడితే తుపాకీ పేలినట్టుండేది. పక్క ఫుట్‌బాల్ మైదానంలో ముసలాళ్ళు ఉలిక్కిపడి తిరిగి చూశారు. నాలుగో ఇన్నింగ్స్‌కి అది చప్పట్లయింది. ఇందాక? ఎవరో పక్క గదిలో తలుపు చేరవేసినట్టుంది. అంతే చప్పుడు.

వీళ్ళేమంటున్నారో తెలుసా? "అబ్బ, ఎంత తెలివిరా వీడిది, వేగం తగ్గించి చెక్ వాళ్ళని బోల్తా కొట్టిస్తున్నాడు!" వాళ్ళూ బోల్తా పడుతున్నారు, పాపం. మెరుపు వస్తుందని బ్యాటు ముందే తిప్పేస్తున్నారు, బంతి తర్వాత తాపీగా వస్తోంది. నీ చెయ్యి చస్తుంటే దాన్ని తెలివి అంటున్నార్రా ఈ తెలివితక్కువ వెధవలు!

ఆరో ఇన్నింగ్స్ తర్వాత అరటిపండు ఎడంచేత్తో ఒలిచావు, పళ్ళతో. నీళ్ళసీసా మూత జోరిస్ చేత తీయించుకున్నావు, వాడి మొహం వంక చూడకుండా, వాడు నీ మొహం వంక చూడకుండా. గుడ్డివాళ్ళిద్దరు వంతెన దాటినట్టు. దిబ్బ మీద బంతి బంతికీ చెయ్యి ప్యాంటుకి తుడుస్తున్నావు. చెమట కాదది. వేళ్ళు ఉన్నాయో లేవో చూసుకుంటున్నావు.

రెండోవాడు కూడా అవుటా? నిలబడి మూడు బంతులకీ దారిచ్చి వచ్చాడు, చర్చిలో కొవ్వొత్తులా! ఒరేయ్, కాసేపు ఆడండర్రా! ఒక్క పరుగు ఆధిక్యం, అదీ చెక్ వాడు బంతి జారవిడిస్తే వచ్చింది. ఇంకో రెండు చేసుంటే మీ నాన్నకి కాస్త బుద్ధొచ్చేదేమో.

గెలిస్తే పెద్దల ప్రపంచ పోటీకి జపాన్ ప్రయాణం. ఓడితే ఇంటికి. తెలుసు, తెలుసు. ఇంటి పోటీ, సొంత మైదానం, ఫ్రాన్స్ ఎప్పుడూ ఎక్కని మెట్టు. అన్నీ తెలుసు. నాకు ఇంకోటి కూడా తెలుసు. సోమవారం పొద్దున నువ్వు వడ్రంగి కొట్టులో ఉలి పట్టుకోవాలి. ఈ ఆట నీకు కూడు పెట్టదు. ఆ ఉలి పెడుతుంది. నువ్వు చేసిన ఆ చెర్రీచెక్క కుర్చీ మీద చెయ్యి వేస్తే పసిపిల్ల వీపులా ఉంటుంది. రెన్ నగరం నుంచి వచ్చినావిడ అదే కావాలని పట్టుబట్టలేదూ? ఆ కుర్చీ చేసిన చెయ్యి ఇదే. రెండు చేతులు లేవు నీకు, ఆటకొకటి, పనికొకటి.

ఎర్వాన్, ఇటు చూడు. నా మొహం కాదు. తువ్వాలు ఎత్తు.

ఎత్తరా!

ఏం కనపడుతోంది? నా గుర్తింపుకార్డు పిన్నీసు. ఎక్కడుంది? నీ చిటికెన వేలి కొసలో. నీ చెయ్యి పట్టుకున్నప్పట్నించీ గుచ్చుతూనే ఉన్నా. ముందు నెమ్మదిగా, తర్వాత గట్టిగా, ఆఖరికి ఆ కుర్చీ గురించి చెప్తున్నప్పుడు కసిగా. ఆ నెత్తురుబొట్టు చూడు. నువ్వు చెయ్యి వెనక్కి లాక్కోలేదు. కళ్ళార్పలేదు. నీకు తెలియనే లేదు.

ఉంగరం వేలుకీ అంతే. చూస్తావా? వద్దులే.

ఇప్పుడేమంటావు? బాగానే ఉందా?

మొహం అలా పాలిపోయిందేం? నీకు తెలుసనుకున్నాను. నొప్పి దాస్తున్నావనుకున్నాను. నొప్పి కూడా పోయిందా? ఎప్పట్నించి? ఏడో ఇన్నింగ్స్ నుంచా? అయ్యో పిచ్చి నాయనా, నొప్పి పోయిందని సంతోషించావా!

మోచేతి లోపలి అంచునే పోతుందిరా ఆ నరం. దాని పక్క కండరం పీచుపీచుగా విడిపోతుంటే, వాచి, నరాన్ని నొక్కేస్తుంది. ఇప్పుడు ఆపితే ఐసు పెట్టుకుని, పట్టీ వేసుకుని, శీతాకాలమంతా నన్ను తిట్టుకుంటూ కూచుంటావు. వేళ్ళు తిరిగొస్తాయి. ఆపకపోతే, ఏ బంతికో తెలీదు, పటుక్కుమంటుంది. జోరిస్‌కి కూడా వినిపిస్తుంది. ఆ తర్వాత ఈ రెండు వేళ్ళూ పక్షి గోళ్ళలా లోపలికి ముడుచుకుపోతే నేను తిప్పలేను. ఎవరూ తిప్పలేరు.

ఏమన్నావ్? మళ్ళీ అను. "నాన్నకి చెప్పకత్తా" అనా?

అమ్మయ్య, నోట్లో నాలుక ఉంది. అది పలికిన మొదటి మాట ఇదా!

చెప్పేశాన్రా. ఇందాకే, నువ్వు దిబ్బ దిగి వస్తుండగానే వెళ్ళి చెప్పాను. "రెజిస్, వాడి బంతికి చప్పుడు లేదు, వాడి వేళ్ళు పని చెయ్యట్లేదు, తీసెయ్యి" అన్నాను. ఏం చేశాడో తెలుసా నీ తండ్రి? పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. అక్కని, వాడి కంటే ఆరేళ్ళు పెద్దదాన్ని, పసిపిల్లని గదిమినట్టు ష్ అన్నాడు. తర్వాత నా చెవి దగ్గరికొచ్చి అన్నాడు, "ఒక్క హిట్టు పడనీ అక్కా, ఆ క్షణమే తీసేస్తా, ఒట్టు. అప్పటిదాకా నోరెత్తకు. అందరూ చూస్తున్నారు" అని.

నాకు వాడు అబద్ధం ఆడినట్టు అనిపించలేదు. అదేరా నా భయం. కళ్ళు తడిగా ఉన్నాయి వాడికి. నిజంగానే నమ్ముతున్నాడు, తను నోరు తెరిస్తే దేవుడు నీ దగ్గర్నించి ఏదో లాక్కుపోతాడని. కట్టబోయే మందిరానికి పునాదిలో పిల్లాణ్ణి పెట్టినవాళ్ళు కూడా ఇలాగే ఏడ్చుంటారు, ఇలాగే నమ్ముంటారు.

అంపైరుకి చెప్పనా? వెళ్ళాను. "మీ కోచ్‌కి చెప్పండి మేడమ్" అన్నాడు. డాక్టరా? నిన్న వచ్చాడు, నీ మోచెయ్యి నొక్కాడు, నువ్వు నవ్వావు, చెల్లెలి పెళ్ళికి వెళ్ళిపోయాడు. ఇక మిగిలింది ఎవరు? నువ్వే. నువ్వు లేచి "నా వల్ల కాదు" అంటే చాలు, అక్కడ నీ బదులు విసరడానికి గ్రెగొరీ ఎప్పట్నించో చెయ్యి వేడి చేసుకుని కూచున్నాడు. మూడు మాటలు. అనరా. నీకు చేతకాకపోతే వేలెత్తు, నేనంటాను.

అనవు.

అదిగో మూడోవాడు. అయిపోయింది. ఒక్క బంతికే నేలమీద కొట్టి ఇచ్చేశాడు, అన్నదాత!

లేస్తున్నావా. సరే, లే. ఏం వెతుకుతున్నావు? నీ తొడుగా?

నేను కూచున్నది దాని మీదే. వచ్చినప్పుడే కూచున్నా. లేవను. నన్ను లాగుతావా? లాగు, అందరి ముందూ యాభై ఎనిమిదేళ్ళ అత్తని లాగు! ఏ చేత్తో లాగుతావు? అంపైరు చెయ్యి ఊపుతున్నాడు, ఊపనీ. కేకలేస్తాడు, వెయ్యనీ. తొడుగు లేకుండా పిచర్ దిబ్బ ఎక్కడు. మీ నాన్న వచ్చి అడగాలి. అడగాలంటే నీ దగ్గరికి రావాలి, నోరు తెరవాలి, అప్పుడు నేను ఈ వేలు అందరికీ ఎత్తి చూపిస్తాను. అదే నేననుకున్నది.

ఏయ్, ఎవడ్రా అది? ఎవడు విసిరాడు ఆ తొడుగు?

ఓహో. ఒకడు కాదు. చూశావా ఎర్వాన్, నువ్వు అడక్కుండానే ఎన్ని తొడుగులో! ఇన్ని ఇన్నింగ్స్‌లో నీ వంక తలెత్తి చూడనివాళ్ళు, మాట లేకుండా చేతులు ఎలా చాచారో! జోరిస్ కూడానా? కొత్త తొడుగు కదరా అది, పెళ్ళాన్ని కూడా ముట్టుకోనివ్వవు!

తీసుకున్నావు.

వేసుకో, వేసుకో. ఎడంచేతికేగా, ఆ చెయ్యి బాగానే ఉంది.

వెళ్ళు. నేను అరవను. అరిచి మాత్రం ఏం చేస్తాను? పిచ్చిముండ, దిష్టి పెట్టింది అంటారు. మీ నాన్న ముందు నడిచేటప్పుడు తల దించుకో, వాడూ దించుకుంటాడు, ఒకరి బూట్లు ఒకరు చూసుకోండి.

ఇదిగో, పోతూ పోతూ ఒక్కటి విను, వెనక్కి తిరగక్కర్లేదు. అక్కడ బ్యాటు ఊపుకుంటూ వస్తున్నాడే, చెక్ కుర్రాడు, మొహం నిండా మొటిమలు, కరెంటు పని చేసుకుంటాడట వాళ్ళ ఊళ్ళో. వాడి పేరు కూడా నాకు పలకడం రాదు. నా వీపు మీద ఫ్రాన్స్ అని రాసుంది, నా కడుపులో మాత్రం నేను వాడి పక్షం. చిన్నప్పట్నించీ మొక్కని దేవుళ్ళకి కూడా మొక్కుతున్నాను వాడికోసం. కొట్టాలని. మొదటి బంతికే, కంచె దాటి, ఆ బంగాళాదుంప చేలో పడేలా కొట్టాలని. ఊరు ఊరంతా ఉసూరుమనాలని. మీ నాన్న నన్ను చచ్చేదాకా పలకరించకపోయినా సరే.

కొట్టాలిరా వాడు. నీ చెయ్యి ఇంకా చెయ్యిగా ఉండగానే.